జపాన్ వాళ్లతో ఇంగ్లీష్ కాల్స్: 'యస్' అన్నాక కూడా పని కదలదేంటి?

ఒరగడం_ఇంజినీర్:
చెన్నైలో కారు విడిభాగాల కంపెనీలో క్వాలిటీ చూస్తాను. జపాన్ టీంతో వారం వారం కాల్, అంతా ఇంగ్లీషే. నేను చెబుతున్నంతసేపూ అవతలాయన తలూపుతూ 'యస్, యస్' అంటూనే ఉంటారు, సరే ఒప్పుకున్నారు కదా అని ఇక్కడ టూల్ మార్పు మొదలెట్టేస్తే తర్వాత 'వుయ్ ఆర్ స్టిల్ చెకింగ్' అని మెయిల్ వస్తుంది. మా మేనేజర్ నన్ను వాయించేశాడు. ఇష్టం లేకపోతే నో అనడానికేం?

పెరుంబుదూర్_మావ:
అది మన దగ్గర కథ వింటూ ఊ కొట్టడం లాంటిది తమ్ముడూ. జపనీస్‌లో వినేవాళ్లు మధ్యమధ్యలో 'హై, హై' (మన 'ఆఁ, ఆఁ' లాంటిదే) అంటూ ఉండాలి, లేకపోతే వింటున్నారో లేదో అని చెప్పేవాళ్లకి అనుమానం. ఆ అలవాటే ఇంగ్లీషులోనూ వస్తుంది. అసలు జవాబు 'ఇట్ ఈజ్ డిఫికల్ట్' దగ్గర పట్టుకోవాలి, అలా అన్నారంటే చాలాసార్లు కుదరదనే. ఇంకోటి, 'రిపోర్ట్ రాలేదా?' అని ఇంగ్లీషులో అడగకు. 'యస్' అంటారు, అంటే 'ఆఁ, రాలేదు' అని. (మనమూ అంతేగా!) ఎప్పటికిస్తారు, ఏ డ్రాయింగ్ ప్రకారం అని అడుగు, అక్కడే తేలిపోతుంది.

బిడది_బాబాయ్:
అన్నీ వాళ్లమీదే తోసేయకండి. మన స్పీడు సంగతేంటి? ప్రశ్న అడిగి, ఆయన మనసులో వాక్యం కూర్చుకునేలోపే ఇంకో రెండు ప్రశ్నలు వేస్తాం. ఆ నిశ్శబ్దం వాళ్లకి ఇబ్బందేం కాదు, మనకే టెన్షన్. అక్కడ బడుల్లో ఇంగ్లీష్ చాలాకాలం చదవడం, గ్రామర్, ప్రవేశ పరీక్షల చుట్టూనే నడిచింది కాబట్టి మాట తడబడేవాళ్లు కూడా రాసింది బాగానే చదువుతారు. అందుకే పాయింట్లు కాల్‌కి ముందురోజే మెయిల్ చేయండి. అంకెలు మాత్రం అంకెల్లోనే. వాళ్ల లెక్క 10,000ని ఒక 'మాన్'గా నడుస్తుంది, మన లక్ష అంటే వాళ్లకి 10 మాన్. మధ్యలో ఇంగ్లీష్ థౌజండ్లు, మిలియన్లు వచ్చాయంటే ఇద్దరికీ చెమటలే.

పెరుంబుదూర్_మావ:
కరెక్ట్. పైగా పెద్ద నిర్ణయాలు చాలావరకు కాల్‌లో పుట్టవు, ముందే ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి ఒప్పించుకుంటారు. నెమవాషి అంటారు దాన్ని.

ఒరగడం_ఇంజినీర్:
ఓహో, మేం నేరుగా కాల్‌లోనే బాంబు పేలుస్తున్నాం అన్నమాట. మరి ఆ నెమవాషి ఎవరితో మొదలెట్టాలి, అక్కడి ఇంజినీర్‌తోనా, మా ప్లాంట్‌లో ఉన్న జపాన్ అడ్వైజర్‌తోనా?

బిడది_బాబాయ్:
ప్లాంట్‌లో ఉన్నాయనతోనే. అటువైపు ఎవరి ఒప్పుదల కావాలో ఆయనకే తెలుస్తుంది. డ్రాయింగ్ ప్రింట్ తీసుకెళ్లండి, మారేచోట ఎర్రపెన్నుతో గుర్తు పెట్టి.