నమ్మదగ్గ ఏఐ కావాలంటే: సూత్రాలా, టెండరు షరతులా?

కొండగుర్తు:
ప్రభుత్వ సంస్థలు ఏఐని, డేటాని బాధ్యతగా వాడాలంటే ఏది పనిచేస్తుంది? ఎక్కువగా ధనిక దేశాలున్న కూటమి ఓఈసీడీ 2019లోనే ఏఐ సూత్రాలు ప్రకటించింది. అమెరికాలో ప్రమాణాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ నిస్ట్ 2023 జనవరిలో ఏఐ ముప్పుల నిర్వహణకు ఒక చట్రం ఇచ్చింది. రెండూ ఐచ్ఛికమే. నన్నడిగితే డబ్బు చెల్లించే చోట బిగిస్తేనే కంపెనీలు కదులుతాయి. టెండరులో నాలుగు షరతులుండాలి: మన సొంత డేటా మీద పరీక్షించే హక్కు, ప్రతి నిర్ణయానికీ మోడల్ వెర్షన్‌తో సహా లాగ్ (నమోదు), వెర్షన్ మార్చే ముందు నోటీసుతోపాటు మళ్లీ పరీక్ష, కాంట్రాక్టు ముగిశాక డేటా తిరిగిచ్చి కాపీలు చెరిపేయడం. వీటిలో ఒక్కటి తప్పినా బిల్లు ఆగాలి.

గణాంకాలపిచ్చి:
మొదటి షరతుకు నా ఓటు. "95 శాతం ఖచ్చితత్వం" అని బ్రోచర్లో రాస్తారు కదా, దాని సంగతి చూడండి. లక్ష దరఖాస్తుల్లో 1 శాతం, అంటే వెయ్యి, మోసాలనుకుందాం. సాధనం మోసాల్లో 90 శాతాన్ని పట్టుకుంటుంది, సక్రమమైన వాటిలో 5 శాతాన్ని పొరపాటున అనుమానిస్తుంది. అప్పుడు దొరికే మోసాలు 900, వాటితోపాటు జాబితాకెక్కే నిర్దోషులు 4,950 మంది. అనుమానితుల్లో దాదాపు 85 శాతం మంది ఏ తప్పూ చెయ్యనివాళ్లే! టెండరులో అడగాల్సింది ఈ అంకె, అదీ ఒక్కో వర్గానికి విడివిడిగా.

ఇంకో చిక్కుంది. అసలు మోసం రేటే వర్గానికో తీరుగా ఉంటే, అన్ని కొలతల్లోనూ (నిర్దోషుల్ని పొరపాటున అనుమానించే శాతం, అనుమానితుల్లో నిజమైన మోసాల శాతం లాంటివి) ఒకేసారి సమానత్వం రాదు, గణితమే ఒప్పుకోదు. ఏ కొలతలో సమానత్వం కావాలో సంస్థే ముందుగా రాసిపెట్టుకోవాలి. కంపెనీకి వదిలేస్తే తనకు బాగా కనిపించేదే చూపిస్తుంది.

పాతఫైలు:
కొండగుర్తు గారూ, పెద్ద ప్రమాదాలు టెండరు దారిలో రాలేదండీ. భృతి ఎక్కువ తీసుకున్నారంటూ బాకీలు వసూలు చేసిన ఆస్ట్రేలియా ప్రభుత్వ పథకం రోబోడెట్‌లో ఏఐ కూడా లేదు, ఉన్నది భాగహారం. ఏడాది ఆదాయాన్ని 26 పక్షాలకు సమంగా పంచేశారు. కొన్ని నెలలే పనిచేసినవాళ్లు, ఆదాయం లేక భృతి తీసుకున్న పక్షాల్లో కూడా సంపాదించినట్టు లెక్క తేలింది. బాకీ లేదని నిరూపించుకునే భారం వాళ్ల మీదే పడింది. ఆ పద్ధతికి చట్టంలో ఆధారం లేదని 2019లో ప్రభుత్వమే ఒప్పుకోవాల్సి వచ్చింది. నెదర్లాండ్స్‌లో పన్నుల శాఖ పిల్లల సంరక్షణ భృతి దరఖాస్తులను జల్లెడ పట్టడానికి జాతీయతను కూడా వాడింది. ఆ వ్యవహారంలో 2021 జనవరిలో మంత్రివర్గం రాజీనామా చేసింది, డిసెంబరులో డేటా రక్షణ సంస్థ ఆ శాఖకు 27.5 లక్షల యూరోల జరిమానా వేసింది.

కాబట్టి సాధనం కొన్నా, సొంతంగా తయారుచేసుకున్నా, ఏ చట్టం కింద ఈ నిర్ణయం తీసుకుంటున్నారో ముందు బయటపెట్టాలి. హెల్సింకీ, ఆమ్‌స్టర్‌డామ్ నగరాలు 2020లో మొదలుపెట్టిన అల్గారిథమ్ రిజిస్టర్ల (నగరం వాడే సాధనాల బహిరంగ జాబితాల) లాంటివి అందుకే కావాలి.

కొండగుర్తు:
రిజిస్టరు మంచిదే, కానీ నింపేదెవరు? న్యూయార్క్ నగరం, కంపెనీలు నియామకాల్లో వాడే సాధనాలకు ఏటా పక్షపాత ఆడిట్ చేయించి ఫలితాలు బయటపెట్టమంది, 2023 జూలై నుంచి అమలు. పరిశోధకులు 391 సంస్థల వెబ్‌సైట్లు చూస్తే ఆడిట్ పెట్టినవి 18. సాధనం చట్టం పరిధిలోకి వస్తుందో లేదో యాజమాన్యమే తేల్చుకునే వీలుంది, అదీ లొసుగు. ఆడిట్ పెట్టనివాళ్లు చట్టం తప్పారో, పరిధిలోనే లేరో బయటినుంచి చెప్పలేం.

పాతఫైలు:
అక్కడే, ప్రభుత్వ శాఖల్లో యంత్రాలు తీసుకునే నిర్ణయాల మీద కెనడా ఇచ్చిన 2019 ఆదేశం నయం. ప్రభావం ఏ స్థాయిదన్నది ఎవరి ఇష్టానికీ వదల్లేదు. శాఖ ప్రశ్నావళి నింపాలి, ప్రభావం 1 నుంచి 4 దాకా ఏ స్థాయిదో తేలుతుంది. 2 నుంచి నిపుణుల సమీక్ష, 3, 4 అయితే తుది నిర్ణయం మనిషిదే. ఫలితాన్ని ప్రచురించాలి. సమాధానాలు రాసేది శాఖే కావడం లోపం, కాదనను.

గణాంకాలపిచ్చి:
"తుది నిర్ణయం మనిషిదే" అన్నచోట సంతకాల యంత్రం తయారవుతుంది, జాగ్రత్త. రెండు అంకెలు నెలనెలా తీయాలి: ఒక్కో కేసుకు అధికారి పెట్టిన సమయం, యంత్రం సిఫారసును కాదన్న శాతం. రెండోది సున్నా దగ్గరే ఆగిపోతే ఎవరూ చదవడం లేదని అనుమానించాలి. తేల్చుకోవడానికి, సిఫారసు తప్పని ముందే తెలిసిన కేసులు కొన్ని మధ్యలో కలిపి ఎన్ని పట్టుకుంటారో చూడొచ్చు.

గుట్టు:
అందరూ మోడల్ దగ్గరే ఉన్నారు, డేటా ఊసే లేదు. పేరు, నంబరు తీసేస్తే సరిపోదు. పుట్టిన తేదీ, లింగం, అయిదంకెల పిన్‌కోడ్ కలిస్తే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తించవచ్చని పరిశోధకురాలు లతాన్యా స్వీనీ 2000లోనే అంచనా వేశారు. పట్టికల్లో 5 కంటే చిన్న అంకెలు దాచడం ఒక మామూలు పద్ధతి, కానీ ఆ వరుస చివరి కూడికను అలాగే ఉంచితే తీసివేతతో అంకె బయటపడుతుంది. ఆ అడ్డు వరుసలోనూ, నిలువు వరుసలోనూ ఇంకో అంకె దాచాలి. చాలా శాఖలు తప్పేది ఇక్కడే.

అందుకే డేటాను బయటికి పంపకుండా, పరిశోధకులనే లోపలికి రప్పించే ఫిన్లాండ్ ఫిన్‌డేటా పద్ధతి మేలు. ఆరోగ్య డేటాను భద్రమైన కంప్యూటర్ వాతావరణంలోనే విశ్లేషిస్తారు, ఫలితాలు మాత్రమే బయటికొస్తాయి. అనుమతులకు సమయం పడుతుంది, పరిశోధకులు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

కొండగుర్తు:
సరే, సొంత సాధనాలకూ వర్తించేలా నా జాబితాకు అయిదోది కలుపుతున్నా. బాకీ ఉందంటూ జనానికి పంపే నోటీసులో ఏ డేటా ఆధారంగా నిర్ణయించారో, ఎవరికి అప్పీలు చేసుకోవాలో ఉండాలి, అప్పీలు తేలేదాకా వసూలు ఆగాలి. టెండరు కంటే ఇది చట్టంలో పెట్టడమే నయమంటారా, పాతఫైలు గారూ?

పాతఫైలు:
వసూలు ఆపడం చట్టంలోనే ఉండాలి. టెండరు కంపెనీని కట్టేస్తుంది, శాఖను కాదు. లాగులు మాత్రం మీ టెండరులోనే ఉండనీండి, అవి లేకపోతే అప్పీలు వినేవాళ్ల చేతిలో కాగితమే ఉండదు.