ఏసీ గ్యాస్ ఆర్-134ఏకి మార్చిన పాత కారు: సిగ్నల్ దగ్గర ఆగితే చల్లదనం పోతోంది, కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటి గాలికి వదిలే జాలి) మార్చాలా?

1993 మోడల్ కారు. ఏసీ మొదట ఆర్-12 గ్యాస్‌ది, ప్లేటు మీద 700 గ్రాములని ఉంది. పాత మినరల్ ఆయిల్ ఆర్-134ఏతో కలవదు, కంప్రెసర్‌కు తిరిగి చేరదు. అందుకే కంప్రెసర్ విప్పి ఆయిల్ ఒంపేసి ఎస్టర్ ఆయిల్ పోశాం. ఓ-రింగులు, డ్రయర్ (గ్యాస్‌లో తేమ పీల్చేది) కొత్తవి. 45 నిమిషాలు వాక్యూమ్ లాగి, అరగంట ఆపి చూస్తే గేజ్ ముల్లు కదల్లేదు, అంటే లీకు లేదు. గ్యాస్ తూకం వేసి 580 గ్రాములే ఎక్కించాం, అంటే పాత కొలతలో 83 శాతం. సైట్ గ్లాసులో (లోపల పారే గ్యాస్ కనబడే చిన్న అద్దం) బుడగలు పోయేదాకా నింపమని చాలామంది చెబుతారు. ఆర్-134ఏకి అలా నింపితే గ్యాస్ ఎక్కువైపోతుంది.

బయట 38 డిగ్రీలప్పుడు రీడింగులివి: ఐడిల్‌లో లో సైడ్ (గ్యాస్ కంప్రెసర్‌లోకి వచ్చే వైపు) ప్రెజర్ 52, హై సైడ్ (బయటికి పోయే వైపు) 320 పీఎస్ఐ, వెంట్ దగ్గర 17 డిగ్రీలు. 1500 ఆర్‌పీఎం దగ్గర, ముందు పెడస్టల్ ఫ్యాన్ పెడితే లో సైడ్ 38, హై సైడ్ 235. వెంట్ 9 డిగ్రీలు. ఐడిల్‌లోనే కండెన్సర్ మీద మగ్గుతో నీళ్లు చల్లితే హై సైడ్ ముల్లు క్షణాల్లో 230కి దిగుతుంది. కాబట్టి గాలి చాలడం లేదన్నది స్పష్టం. ఫ్యాన్ సరైన దిశలోనే తిరుగుతోంది, కండెన్సర్ ఫిన్స్ (పల్చటి రేకులు) శుభ్రంగా ఉన్నాయి.

పాత ట్యూబ్-ఫిన్ కండెన్సర్ ఉంచి ముందు 10 అంగుళాల పుషర్ ఫ్యాన్ (ముందు నుంచి గాలి నెట్టేది) పెడితే చాలునా, పారలల్ ఫ్లో కండెన్సర్ (గ్యాస్ ఒకేసారి చాలా సన్నని గొట్టాల్లో పారేది) వేయక తప్పదా? వేస్తే దాని లోపలి ఘనపరిమాణం తక్కువ కదా, గ్యాస్ ఎన్ని గ్రాములు తగ్గించాలి? ఇలాంటి మార్పు చేసినవాళ్లు ముందు, తర్వాత ఐడిల్ రీడింగులు చెప్పగలరా? వాటితోనే నిర్ణయించుకోగలం.