కొండల్లో బైక్ టూర్: రాత్రి బసకు సరైన గెస్ట్‌హౌస్ ఎలా పట్టుకోవాలి?

అందరికీ నమస్తే. మా ఆవిడ, నేను ఒకే బండి మీద కొండదారుల్లో తిరగబోతున్నాం. రూట్ ఖాయమైంది, రాత్రిళ్లు ఎక్కడ దిగాలన్నదే తేలట్లేదు. ‘బైకర్లకు స్వాగతం’ అని చాలామంది రాసుకుంటారు, తీరా ఫోన్ చేస్తే బండి రోడ్డు పక్కన పెట్టుకోమంటారు.

గది మామూలుగా ఉన్నా సర్దుకుంటాం. కానీ గేటు లోపల గట్టి, చదును నేల కావాలి, ఎందుకంటే రాత్రి వానకు మట్టి మెత్తబడితే సైడ్ స్టాండ్ దిగబడి లగేజీతో సహా బండి పక్కకి ఒరిగిపోతుంది, క్లచ్ లివర్ విరిగితే ఆ కొండ మీద ఎక్కడ దొరుకుతుంది? ఇక తడి బట్టల సంగతి. వెయ్యి మీటర్లు పైకెళ్తే సుమారు 6 డిగ్రీలు చల్లబడుతుంది. నానిన గ్లవ్స్ బాత్‌రూమ్ కొక్కేనికి తగిలిస్తే తెల్లారినా ఆరవు, అవే వేసుకుని బయల్దేరితే వేళ్లు కొంకర్లు పోయి బ్రేక్ మీద పట్టుండదు. నా దృష్టిలో ఆరబెట్టుకునే వెచ్చటి గది వైఫై కంటే చాలా ముఖ్యం.

పల్చటి గాలికి జబ్బు పడకుండా ఉండాలంటే 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ఎత్తు రోజుకి 500 మీటర్లకు మించి పెంచొద్దంటారు కదా, అందుకని బసలు ముందే బుక్ చేసుకోవాలా, లేక వాతావరణాన్ని బట్టి అప్పటికప్పుడు చూసుకోవచ్చా? ఇద్దరం వెళ్తున్నాం కాబట్టి చీకటి పడ్డాక గది కోసం వెతకడమంటే నాకు టెన్షనే. ఫోన్‌లో ఓనర్‌ని ఏమేం అడిగితే అసలు విషయం తెలుస్తుంది? పార్కింగ్ ఫోటో పంపమంటే పంపుతారా? అనుభవం ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.