మిల్లీక్యూరీలు, బెక్వెరెల్‌లు, సీవర్ట్‌లు: మీ రిపోర్టుల్లో లెక్క ఎలా సరిచూసుకున్నారు?

మూసీఒడ్డు: మా అమ్మకి థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక రేడియో అయోడిన్ ఇచ్చారు. డాక్టర్ గారు నోటితో చెప్పింది 100 మిల్లీక్యూరీలు, డిశ్చార్జి కాగితంలో ఉన్నది 3.7 గిగాబెక్వెరెల్. రెండూ ఒకటేనా? కింద ఇంకో లైన్లో మీటరు దూరంలో గంటకి 38 మైక్రోసీవర్ట్‌లు అని ఉంది. దాన్ని మిల్లీక్యూరీల్లోకి ఎలా మార్చాలి? ఇంట్లో రెండేళ్ల పాప ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది.

గామా_టెక్: ఒకటే. 1 మిల్లీక్యూరీ అంటే 37 మెగాబెక్వెరెల్, 100 అంటే 3700 మెగా, అంటే 3.7 గిగా. న్యూక్లియర్ మెడిసిన్‌లో ఏళ్లుగా ఉన్నవాణ్ణి, ఈ లెక్క నిద్రలో లేపి అడిగినా చెప్తాను. అసలు జనం చూడనిది టైము. స్కాన్లకి వాడే టెక్నీషియం 6 గంటల్లో సగం అయిపోతుంది, ఉదయం 8కి 40 మిల్లీక్యూరీలు ఉన్నది మధ్యాహ్నం 2కి 20. ఏ టైముకి కొలిచారో రాయకుండా ఉత్త అంకె రాస్తే ఆ కాగితం దేనికీ పనికిరాదు.

రిపోర్టుల_రమ: టైము సరే, అక్షరం సంగతేంటి? మా నాన్నగారి స్కాన్ రిపోర్టులో మెగాకి పెట్టాల్సిన పెద్ద ఎమ్ బదులు చిన్న ఎమ్ టైప్ చేశారు. అది మిల్లీ అయిపోతుంది, తేడా 100 కోట్ల రెట్లు! మార్చమని అడిగితే "అందరికీ అర్థమవుతుంది లెండి" అన్నారు. మందు మోతాదు రాసే చోట ఆ మాట ఎలా అంటారండీ?

పెన్సిల్వేనియా_కోడలు: ఇక్కడ ఇల్లు కొనేవాళ్లకి ఇదే బాధ. నేలలోంచి ఇంట్లోకి వచ్చే రేడియోధార్మిక వాయువు రాడాన్ ఉంటుంది కదా, మా బేస్‌మెంట్ రాడాన్ టెస్టులో లీటరుకి 6.2 పికోక్యూరీలు వచ్చింది. యూరప్ నుంచి తెప్పించిన మీటర్ ఘనపు మీటరుకి 230 బెక్వెరెల్ చూపిస్తే మా ఆయన హడలిపోయారు. 37తో గుణిస్తే రెండూ ఒకటే! అమెరికాలో 4 దాటితే సరిచేయించుకోమంటారు, అంటే 148 బెక్వెరెల్. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే 100 దగ్గరే జాగ్రత్తపడమంటుంది. అమ్మేవాళ్ల చేత ఆ గాలిని బయటికి లాగే ఫ్యాన్ పెట్టించాకే సంతకం చేశాం.

లెక్కలరాజు: అసలు ప్రశ్న 38 మైక్రోసీవర్ట్‌ల గురించి కదా. సింపుల్. 30 మిల్లీక్యూరీల అయోడిన్‌కి మీటరు దూరంలో గంటకి 50 మైక్రోసీవర్ట్‌లు వస్తుంది అని లెక్క. కాబట్టి 38కి దాదాపు 23 మిల్లీక్యూరీలు. అయిపోయింది.

ఫిజిక్స్_మాస్టారు: అయిపోలేదు. బెక్వెరెల్ అంటే సెకనుకి ఎన్ని పరమాణువులు విచ్ఛిన్నమవుతున్నాయో చెప్పేది, సీవర్ట్ అంటే శరీరానికి ఎంత హాని తగులుతుందో చెప్పేది. క్యూరీ అంటే సెకనుకి 3,700 కోట్లు, అది బెక్వెరెల్‌లోకి మారుతుంది. రెమ్ అనే పాత కొలత సీవర్ట్‌లోకి మారుతుంది, 100 రెమ్‌లు 1 సీవర్ట్. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి దూకాలంటే ఏ ఐసోటోపు (అంటే ఆ మూలకంలో ఏ రకం), ఎంత దూరం, మధ్యలో ఏముంది, అన్నీ తెలియాలి. ఒక్క గుణకంతో మార్చేసి జనాన్ని తప్పుదోవ పట్టించొద్దు.

లెక్కలరాజు: ఐసోటోపు అయోడిన్ 131, దూరం మీటరు, పోస్టులోనే ఉన్నాయి. చదివి మాట్లాడండి.

ఫిజిక్స్_మాస్టారు: అవతల మనిషి శరీరం ఉంది బాబూ! అయోడిన్ నుంచి వచ్చే గామా కిరణాలని ఒళ్లు కొంత ఆపుతుంది. సన్నటివాళ్లకి ఒక రీడింగ్, లావాటివాళ్లకి ఇంకోటి. నీ 23 ఎక్కడిది మరి?

గామా_టెక్: ఇద్దరూ ఆగండి. వార్డులో చేసేది వేరే. మందు మింగించిన వెంటనే మీటరు దూరంలో రీడింగ్ తీస్తాం. అప్పుడు లోపల 100 ఉన్నాయని తెలుసు కదా, ఆ రీడింగ్ 170 వచ్చిందనుకోండి. తర్వాత 38కి దిగితే 38ని 170తో భాగించి 100తో గుణిస్తాం, 22 చిల్లర. అదే మనిషి, అదే దూరం, కాబట్టి ఒళ్లు అడ్డం వచ్చినా రెండుసార్లూ దాదాపు ఒకేలా వస్తుంది. మూసీఒడ్డు గారూ, మొదటి రీడింగ్ ఎంతో హాస్పిటల్‌లో అడిగి తీసుకోండి. అయోడిన్ సగం కావడానికి 8 రోజులు పట్టినా మూత్రంలో ఎక్కువ బయటికి పోతుంది కాబట్టి అంతకంటే వేగంగా తగ్గుతుంది. పాపని ఎన్ని రోజులు దూరం ఉంచాలో వాళ్లు రాసిచ్చినదే పాటించండి, ఇక్కడి లెక్కలు చూసి ఒక్క రోజు కూడా తగ్గించొద్దు.

గట్టుమీద_గీగర్: నేను ఆన్‌లైన్‌లో కొన్న గీగర్ మీటర్ వంటింటి గ్రానైట్ గట్టు మీద గంటకి 0.35 మైక్రోసీవర్ట్ చూపిస్తోంది, గట్టు పీకించాలా?

పులివెందుల_రైతు: మీ స్కానుల గొడవ సరే, మా నీళ్ల సంగతి చెప్పండయ్యా. తుమ్మలపల్లె యురేనియం గనికి దగ్గర్లో మా బోరు. ఒక ల్యాబ్ లీటరుకి 60 మైక్రోగ్రాములు అంది, ఇంకో ల్యాబ్ లీటరుకి 2.1 బెక్వెరెల్ అంది. ఎవరిని నమ్మాలి?

లెక్కలరాజు: సహజ యురేనియం 1 మైక్రోగ్రాముకి సుమారు 0.025 బెక్వెరెల్. 60కి 1.5. రెండో ల్యాబ్ తప్పు.

ఫిజిక్స్_మాస్టారు: మళ్లీ అదే తొందర! ఆ 0.025 అనేది యురేనియంలోని 238, 234 అనే రెండు ఐసోటోపులు సమతూకంలో ఉంటేనే. భూగర్భ జలాల్లో 234 ఎక్కువగా కరిగి ఉండటం మామూలే, అప్పుడు బరువు పెరగకుండానే బెక్వెరెల్ పెరుగుతుంది. పైగా రెండో ల్యాబ్ మొత్తం ఆల్ఫా, అంటే నీళ్లలోంచి వచ్చే ఆల్ఫా కణాలన్నీ కలిపి, కొలిచి ఉంటే అందులో రేడియం కూడా కలుస్తుంది. రైతు గారూ, ఆ కాగితంలో ఒక్క యురేనియమే అని ఉందా, మొత్తం ఆల్ఫా అని ఉందా చూడండి.

పులివెందుల_రైతు: మొత్తం ఆల్ఫా అనే ఉంది సార్. మరి తాగొచ్చా?

ఫిజిక్స్_మాస్టారు: ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించేది లీటరుకి 30 మైక్రోగ్రాములు, మన ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) పెట్టుకున్నది 60. యురేనియంతో ముందు దెబ్బతినేది కిడ్నీలు, అది రసాయన విషం. కాబట్టి మీరు మైక్రోగ్రాముల అంకెనే పట్టుకోండి. తాగడానికి వేరే నీళ్లు చూసుకోండి, రేడియం విడిగా కొలిచి ఇమ్మని రెండో ల్యాబ్‌ని రాతపూర్వకంగా అడగండి.