చేత్తో పెంచిన మేకపోతును కోయాలంటే మనసు రావట్లేదు, ఏం చేయాలి?

కొత్తదొడ్డి:
మాంసం కోసమని మొదటిసారి మేకపిల్లలు, బ్రాయిలర్ కోళ్ళు పెట్టాం. కోళ్ళ సంగతి పర్లేదు గానీ, సీసా పాలతో పెరిగిన పోతుపిల్ల మనిషి అడుగుల చప్పుడు వింటే చాలు పరుగెత్తుకొస్తుంది. చెయ్యి ఆడదేమోనని భయం. ఇంట్లో చిన్నపిల్లలూ ఉన్నారు. కొన్నాళ్ళు వాయిదా వేస్తే నష్టమా? "మనసు గట్టి చేసుకో" అనే సలహా ఇప్పటికే బోలెడుమంది ఇచ్చారు, అది తప్ప ఇంకేదైనా చెప్పండి.

మేకలమంద:
చిక్కంతా సీసాతోనే వస్తుందండీ. తల్లి కింద పెరిగిన పిల్ల మందను పట్టుకుని ఉంటుంది, సీసా పాలు తాగినది మనిషిని పట్టుకుంటుంది. వచ్చే ఈత నుంచి మందలో ఉంచుకునే ఆడపిల్లలకే సీసా పట్టండి. పోతులను తల్లికే వదిలేయండి. తల్లికి పాలు లేకపోతే రబ్బరు పీకలు బిగించిన బకెట్‌తో గుంపుగా తాగించండి. పుట్టిన వారంలోనే ఏది ఉంచుకునేది, ఏది కోతకు అన్నది తేల్చేసి చెవులకు వేర్వేరు రంగుల ట్యాగులు వేయండి. పేరు పెట్టొద్దని అందరూ అంటారు గానీ, పేరుకంటే "ఉంచేసుకుందామా" అని నెలల తరబడి ఊగిసలాడటమే మనసును ఎక్కువ తినేస్తుంది.

అయితే మచ్చికైన మేక వల్ల మేలు కూడా ఉంది. పిలిస్తే వస్తుంది, తరిమి పట్టుకునే పని ఉండదు. బెదిరి పెనుగులాడితే కండరాల్లో నిల్వ ఉండే చక్కెర (గ్లైకోజెన్) ఖర్చయిపోయి, కోశాక లాక్టిక్ ఆమ్లం చాలినంత తయారవదు. మాంసం పీహెచ్ (ఆమ్లత కొలత; ఆమ్లం పెరిగితే ఇది దిగుతుంది) 5.5–5.8 దాకా దిగాల్సింది 6 పైనే ఆగిపోతుంది. అలాంటి మాంసం నల్లబారి, త్వరగా చెడిపోతుంది. 12 గంటల ముందు మేత ఆపండి, నీళ్ళు మాత్రం ఉంచండి. ఒంటరిగా కట్టేయకుండా కోసే చోటు గుమ్మం దాకా తోడు మేకను రానివ్వండి, కోత మాత్రం దాని కంట పడకూడదు. బోల్టు స్టన్నర్ (తలకు ఇనుప కడ్డీ దెబ్బతో స్పృహ తప్పించే పరికరం) వాడితే కొమ్ములున్న మేకకు నుదుటి మీద కాదు, కొమ్ముల వెనక నడినెత్తిన పెట్టి గడ్డం వైపు గురి చూడాలి. 15 సెకన్లలోపు గొంతు కోయాలి.

గూటిపని:
"కోళ్ళ సంగతి పర్లేదు" అనుకోకండి. కొత్తవాళ్ళు ఎక్కువగా బెదిరిపోయేది అక్కడే, కోశాక రెక్కలు కొట్టుకుంటాయి కాబట్టి. స్పృహ పోయాక కూడా వెన్నుపాము వల్ల ఆ కదలిక ఉంటుంది. తల కిందికి వచ్చేలా కోన్‌లో (గరాటు లాంటి దానిలో) దించితే రెక్కలు విప్పుకోలేదు, మీ చెయ్యీ వణకదు. దవడ కిందుగా రెండు వైపులా రక్తనాళాలు ఒక్క వేటుకే తెగాలి. మొద్దు కత్తితో రెండు మూడుసార్లు గీయాల్సి వస్తుంది, తర్వాత నిద్ర పట్టనివ్వనిది అదే. కనీసం 90 సెకన్లు రక్తం కారనిచ్చి, శ్వాస ఆగిందా, కనుగుడ్డు తాకితే రెప్ప కదలట్లేదా అని చూశాకే వేడినీళ్ళలో ముంచండి. మొదటి రోజు నాలుగైదు చాలు, అలసిన చేతికి గురి తప్పుతుంది. అనుభవమున్నవాళ్ళు పక్కనుంటే మరీ మంచిది.

వాయిదా సంగతికొస్తే, మేకకు కొన్ని వారాలు పర్లేదు. బ్రాయిలర్‌ను 6–8 వారాలు దాటి లాగితే ఒళ్ళు బరువుకు కాళ్ళు కుంటుతాయి, గుండె తట్టుకోలేక పొట్టలో నీరు చేరుతుంది. ఆపి తీరాల్సిన సందర్భం మందు వాడినప్పుడే: మందు సీసా మీద రాసిన విరామం రోజులు (మందు ఇచ్చాక కోతకు ఆగాల్సిన రోజులు) పూర్తికావాలి.

పాలకుండ:
పిల్లలకు జంతువును తెచ్చిన రోజే చెప్పేయండి. "పారిపోయింది" లాంటి అబద్ధం నిలవదు, బయటపడ్డాక మీ మాటే నమ్మరు. కోతకు పెట్టినవాటికి నీళ్ళూ దాణా పెట్టే పని ఇవ్వండి, సీసా పట్టే పని ఇవ్వొద్దు. చూస్తామంటే రానివ్వండి, వద్దంటే బలవంతం చేయకండి.

అదే రోజు వండొద్దు. కండ బిగుసుకుని మాంసం గట్టిగా ఉంటుంది. కోడిని 4 డిగ్రీల లోపు ఒక రోజు, మేకను రెండు మూడు రోజులు ఉంచండి. ఈలోపు మనసూ కుదుటపడుతుంది. అప్పటికీ ముద్ద దిగకపోతే మైనస్ 18లో దాచండి, లేదా మీలాగే పెంచేవాళ్ళతో మార్చుకోండి.

కొత్తదొడ్డి:
తోడుగా వచ్చిన మేక తర్వాత అరుస్తుందా?

మేకలమంద:
కొన్ని రోజులు వెతుక్కుంటుంది. కోత అయ్యాక దొడ్డిలో ఒక్కటే మిగిలేలా మాత్రం చేయకండి. కనీసం రెండుండాలి.