పాత బేబ్లేడ్‌కి లాంచర్ తిరుపతిలో ఎక్కడైనా దొరుకుతుందా?

పోయిన వారం చిత్తూరులో అమ్మావాళ్ళ ఇంట్లో అటక దులుపుతుంటే బిస్కెట్ల డబ్బాలో నా చిన్నప్పటి బేబ్లేడ్ (లాంచర్‌కి తగిలించి, పట్టీ లాగి తిప్పే బొంగరం) బయటపడింది, ఎర్ర డ్రాంజర్, కార్టూన్‌లో కై తిప్పేది. మధ్యలో పక్షి బొమ్మ సగం చెరిగిపోయింది, అంచులేమో అమ్మ దోసెల పిండి కలిపే స్టీలు బేసిన్‌కి కొట్టుకుని కొట్టుకుని అరిగాయి (ఆ బేసిన్‌కి సొట్టలు ఇంకా ఉన్నాయి, తిట్లు కూడా). చిక్కేంటంటే లాంచర్ లోపలి పళ్ళ చక్రం విరిగింది, లాగే పట్టీ అసలు లేనే లేదు.

మా వాడికి తిప్పి చూపిద్దామని తిరుపతి గాంధీ రోడ్డులో కొత్త లాంచర్ కొన్నా, దాని కొక్కేలు దీనికి పట్టడం లేదు. పాత రకంవి ఎవరి దగ్గరైనా ఉన్నాయా? లేదంటే ఆ చిన్న చక్రాన్ని త్రీడీ ప్రింట్ చేసిచ్చేవాళ్ళు ఇక్కడ ఉన్నారా?

ఇంకోటి, ఇది అసలుదా డూప్లికేటా? విప్పితే లోపల లోహపు బిళ్ళ ఉంది, కానీ తిరుమలలో దర్శనం అయ్యాక ఏడ్చి కొనిపించుకున్నది కాబట్టి నాకే అనుమానం.

జపాన్‌లో టకారా వాళ్ళు బొమ్మని 1999లోనే తెచ్చారట, కార్టూన్ వచ్చింది 2001లో. అంటే బడి నుంచి పరిగెత్తుకొచ్చి మనం చూసిందంతా ప్రకటనేనన్నమాట! అయినా సరే, లాంచర్ కావాలి. తెలిసినవాళ్ళు చెప్పండన్నా.