డక్ట్ హీటర్ పది నిమిషాలకే పడిపోతోంది: లోపం ప్యానెల్‌లోనా, గాలి దారిలోనా?

ప్రశ్న – ఎర్రగడ్డల_షెడ్డు, కర్నూలు
ఎర్రగడ్డ ముక్కలను ఎండబెట్టే చిన్న యూనిట్ నడుపుతున్నాను. డ్రయ్యర్ డక్ట్‌లో 415 ఓల్టుల త్రీఫేజ్ హీటర్ ఉంది. 3 కిలోవాట్ల రాడ్లు మూడు, స్టార్ కనెక్షన్ (మూడు రాడ్ల ఒక్కో కొన ఒకేచోట కలుస్తుంది), న్యూట్రల్ లేదు. కంట్రోలర్‌ను 60 డిగ్రీలకు పెట్టి ఫ్యాన్ వేస్తే మొదట అంతా సవ్యంగానే ఉంటుంది గానీ, పది నిమిషాలు గడిచేసరికి కాంటాక్టర్ (హీటర్‌కు కరెంటు కలిపే స్విచ్) టకటక కొట్టుకుని పడిపోతుంది, హీటర్ ఆగిపోతుంది. ఫ్యాన్ ఆపి మళ్లీ వేస్తే ఇంకో పది నిమిషాలు నడుస్తుంది. మెకానిక్ వచ్చే వేళకు ఏ లోపమూ కనిపించదు. ఎయిర్‌ఫ్లో స్విచ్‌కు (గాలి ఆడకపోతే హీటర్‌ను ఆపేది) లూప్ వేస్తే, అంటే వైరుతో దాన్ని దాటవేస్తే సరిపోతుందని ఆయన అంటున్నారు. వేయించవచ్చా?

జవాబు – ప్యానెల్_వైరింగ్, అనంతపురం
దయచేసి వేయించకండి. గాలి ఆడకుండా రాడ్లు ఎర్రబడితే డక్ట్‌లో చేరిన పొట్టు అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు. ఎయిర్‌ఫ్లో స్విచ్, ఓవర్‌హీట్ కటౌట్, కంట్రోలర్ రిలే సాధారణంగా కాంటాక్టర్‌ను పట్టి ఉంచే కాయిల్‌తో సిరీస్‌లో ఉంటాయి. హీటర్ పడిపోయిన వెంటనే, ఫ్యాన్ ఆపకుండా, ఒక్కొక్క కాంటాక్టు రెండు టెర్మినళ్ల మధ్య ఓల్టేజీ చూడమనండి. మూసుకున్నదాని మీద దాదాపు సున్నా, తెరుచుకున్నదాని మీద పూర్తి 230 కనిపిస్తుంది. చేత్తో రీసెట్ చేయవలసిన కటౌట్‌ను అనుమానించనవసరం లేదు, అది పడితే తనంతట తాను లేవదు.

జవాబు – పాత_మోటార్లు, కడప
ఆ కొట్టుకోవడానికి తక్కువ ఓల్టేజీ కూడా కారణం కావచ్చును. హీటర్ లోడు మీద ఉండగా కాయిల్ దగ్గర కొలవండి. 230 ఓల్టుల కాయిల్‌కు 195 కంటే తక్కువ అందితే కాంటాక్టర్ సరిగా పట్టుకుంటుందని చెప్పలేము.

ఎర్రగడ్డల_షెడ్డు
కాయిల్ దగ్గర 226 వచ్చింది. హీటర్ పడగానే ఎయిర్‌ఫ్లో స్విచ్ మీద అంతే కనిపించింది. ఫ్యాన్ లాగే గాలికి ఎర్రగడ్డ పొట్టు లోపలి జాలీకి పొరలా అతుక్కుంటోంది. ఫ్యాన్ ఆపగానే ఊడి కింద రాలిపోతోంది. మెకానిక్‌కు ఏమీ దొరకకపోవడం ఇందుకే! స్విచ్‌కు వెళ్లే సన్నని గొట్టంలోనూ దుమ్ము ఉంది. రెండూ శుభ్రం చేశాక హీటర్ ఆగడం లేదు. అయితే వేడి 48 దాటడం లేదు. క్లాంప్ మీటరుతో చూస్తే రెండు ఫేజుల్లో 11 ఆంపియర్లకు కాస్త తక్కువ, మూడోదానిలో సున్నా.

ప్యానెల్_వైరింగ్
అది వేరే లోపం, బహుశా ముందునుంచీ ఉన్నదే. న్యూట్రల్ లేని స్టార్‌లో ఒక దారి తెగితే మిగిలిన రెండు రాడ్లు 415 ఓల్టుల మీద సిరీస్‌లో పడతాయి కాబట్టి, మీకు అందుతున్నది 6 కిలోవాట్లు కాదు, దాదాపు నాలుగున్నర. ముందు ఆ ఫేజు ఫ్యూజు, కాంటాక్టర్ పోలు చూడండి. అవి బాగుంటే మెయిన్ ఆపి, రాడ్లను విడదీసి కొలవండి. మంచి రాడ్ 19 ఓములకు అటూఇటూగా చూపాలి. కొత్త రాడ్ కొనేముందు నట్టు కింద లగ్గు (వైరు చివర బిగించే లోహపు ముక్క) నల్లబడిందేమో చూడండి, చాలాసార్లు తెగేది అక్కడే.